అండాలమ్మ సౌండ్ ఇంజినీరింగ్

మన దేశంలో హార్డ్ రాక్ సంగీతానికి అందరికంటే ఎక్కువ మేలు చేసింది ఎవరో మీకు తెలుసా? గిటార్లు తయారుచేసేవాళ్లు కాదు. స్టూడియోలు కట్టినవాళ్లు కాదు. హౌస్ ఓనర్లు!

నవ్వకండి. చాలా సీరియస్‌గా చెబుతున్నాను.

హౌస్ ఓనర్ అనగానే మనకు ఒళ్లు మండుతుంది. గోడకు మేకు కొట్టొద్దంటాడు. చుట్టాలు రెండ్రోజులు మించి ఉంటే మెట్ల మీద నిలబడి దగ్గుతాడు. చైతన్యపురిలో నాకు తెలిసిన ఒకాయన, కుక్కర్ మూడు విజిల్స్ దాటితే పై అంతస్తు నుంచి దిగొస్తాడు. ఏమైంది? కింద కిరాయికున్న ఇల్లాలు మూడు విజిల్స్‌లోనే కందిపప్పు వెన్నలా ఉడికించే విద్య కనిపెట్టింది. ఇవాళ ఆవిడ వంట వీడియోలు చూడని కోడలు దిల్‌సుఖ్‌నగర్‌లో లేదు! ఓనర్ నోరు మూసుకుని ఉంటే ఆ పప్పు పుట్టేదా?

మా వెనక వీధిలో ఇంకొకాయన టు-లెట్ బోర్డు మీద 'శాకాహారులు, ఉద్యోగస్తులు, తక్కువ తుమ్మేవారు మాత్రమే' అని రాయించాడు. ఆ ఇంట్లో ఉన్న కుటుంబానికి ఇప్పుడు జలుబే రాదు. డాక్టర్లు చేయలేని పని కాదూ?

కాబట్టి హౌస్ ఓనర్ అనేవాడు శత్రువు కాదు. శిల్పి. మనం రాళ్లం.

నా వాదనకు బలమైన సాక్ష్యం 'కిరాయి పోర్షన్'. ఇది ఒక ఆల్బమ్ పేరు. మీరు వినలేదు. సిగ్గుపడకండి, ఎవరూ వినలేదు. ఆ ఆల్బమ్‌కు జరిగిన అన్యాయాన్ని సరిదిద్దడానికే ఇవాళ కలం పట్టాను.

చేసినవాళ్ల పేరు 'గండ్రగొడ్డలి'. తొంభై నాలుగులో సైదాబాద్‌లో మొదలైన బ్యాండు. ముగ్గురే మనుషులు. గిటారు, పాట గజేందర్‌ది. నల్లగొండ నుంచి వచ్చి లారీ తోలుకుని బతికిన ఐలయ్య కొడుకు. తండ్రి లారీ హారన్‌తో పోటీపడి పెంచుకున్న గొంతు. డ్రమ్ములు లింగస్వామి. పెళ్లి బ్యాండులో చెయ్యి తిరిగినవాడు, పెళ్లికొడుకు గుర్రం బెదిరిందని ఆ బ్యాండులోంచి తీసేశారు. బేస్ గిటారు సాయినాథ్. లెక్కల టీచరు. ముగ్గురిలో గడియారం చూసేవాడు ఇతనొక్కడే.

వాళ్ల మొదటి ఆల్బమ్ 'సమ్మెట'. ఆ క్యాసెట్ వినని ఇంజినీరింగ్ కుర్రాడు అప్పట్లో ఈ వైపు లేడు. గజేందర్ అరిస్తే సరూర్‌నగర్‌లో ఓ బిల్డింగు మీద వాటర్ ట్యాంకు మూత ఎగిరి పడిందని చెప్పుకునేవారు. నేను చూడలేదు. కానీ ఆ మూత చూసినవాళ్లు నాకు పదిమంది తెలుసు.

ఇంత గొంతున్నవాళ్లకు ఇల్లెవరిస్తారు? పదహారేళ్లలో ఏడు ఇళ్లు మారారు. 2010లో ఎనిమిదో ఇల్లు వెతుక్కుంటూ బడంగ్‌పేట్ వెళ్లారు. అప్పట్లో అక్కడ ఇళ్లకంటే ఖాళీ ప్లాట్లే ఎక్కువ. ఒక రెండంతస్తుల ఇంటి గేటుకు టు-లెట్ బోర్డు కనిపించింది. ఓనరు అండాలమ్మ. భర్త పోయాడు, ఆవిడ పైన ఒక్కతే ఉంటుంది.

"ఏం పని జేస్తరు బిడ్డా?" అని అడిగింది.

"పాటలు పాడ్తమమ్మా," అన్నాడు గజేందర్.

"భజనలా?"

గజేందర్ నోరు తెరిచేలోపే లింగస్వామి ముందుకొచ్చి, "అసుంటియే," అన్నాడు.

మర్నాడు పొద్దున ఆ అసుంటివి మొదలయ్యాయి. ఐదు నిమిషాల్లో అండాలమ్మ తలకు తువ్వాల చుట్టుకుని కిందికి దిగింది.

"గివేం భజనలు? గిట్ల పిలిస్తే దేవుడు ఒస్తడా, ఉన్నోడు గూడ పారిపోతడు!"

ముగ్గురూ సామాను సర్దడానికి వంగారు. అలవాటే కదా. కానీ అండాలమ్మ పొమ్మనలేదు. పైకి వెళ్లి ఒక బొంత తెచ్చింది. భర్త పాత ధోతులు, అంగీలు కలిపి ఆవిడే కుట్టిన బొంత. దాన్ని లింగస్వామి డ్రమ్ముల మీద పరిచింది. స్పీకర్ల ముందు బియ్యం బస్తాలు పెట్టించింది. చివరికి గజేందర్ దగ్గరికొచ్చింది.

"నీకేమన్న దుఃఖమున్నదా బిడ్డా?"

"లేదమ్మా."

"మరి గట్ల ఒర్లుతవేంది? ఉంటే కూసొని ముచ్చట జెప్పినట్టు జెప్పు. నాకేమన్న చెవుడా?"

చూశారా! సంగీత కళాశాలల్లో మూడేళ్లు చెప్పే పాఠం మూడు ముక్కల్లో అయిపోయింది. పైగా ఫీజు లేదు!

గజేందర్ అలిగాడు. రెండ్రోజులు పాడలేదు. మూడోరోజు మధ్యాహ్నం ఏమనుకున్నాడో, రికార్డర్ నొక్కి, గిటారు తీసి మాట్లాడినంత గొంతుతో ఒక పాట మొదలుపెట్టాడు. తండ్రి లారీలో క్లీనర్ సీటు గురించి. ఏడేళ్ల వయసులో ఆ సీట్లో కూర్చుని దేవరకొండ దాకా వెళ్లిన రోజు గురించి, ఆ తర్వాత తండ్రి లేకుండా లారీ ఒక్కటే ఇంటికి వచ్చిన రోజు గురించి. ఐలయ్య పోయి అప్పటికి పదకొండేళ్లు. ఆ పదకొండేళ్లూ గజేందర్ స్టేజీల మీద అరిచాడే తప్ప తండ్రి మాట ఎత్తలేదు. లింగస్వామి బొంత కింద చేత్తోనే తాళం వేశాడు. సాయినాథ్ గడియారం చూడలేదు.

పాట చివర్లో పైనుంచి అండాలమ్మ కుక్కర్ విజిల్ రికార్డింగులోకి వచ్చేసింది. మళ్లీ పాడదామని సాయినాథ్ అన్నాడు. గజేందర్ వద్దన్నాడు.

"ఉండనీ. ఇల్లన్నట్టున్నది."

అలా నాలుగు నెలల్లో ఎనిమిది పాటలయ్యాయి. గండ్రగొడ్డలి చరిత్రలో మొదటిసారి పాటల్లో మాటలు అర్థమయ్యాయి!

తర్వాత ఏమైందంటే, కొత్తపేటలో ఒక హాలు మాట్లాడుకుని ఆల్బమ్ విడుదల చేశారు. జనం బాగానే వచ్చారు. 'సమ్మెట' రోజుల కుర్రాళ్లు పొట్టలు పెంచుకుని, తల ఊపడానికి మెడలు సిద్ధం చేసుకుని వచ్చారు. మొదటి పాట సగం కాకుండానే వెనక నుంచి "సౌండ్! సౌండ్!" అని కేకలు. మూడో పాటకు సగం హాలు బయట చాయ్ తాగుతోంది.

ఆ వారమే ఒక వారపత్రికలో సమీక్ష వచ్చింది. రాసినవాడి కలం పేరు 'కర్ణపేయ'. సమీక్ష మొత్తం రెండు వాక్యాలే. 'గండ్రగొడ్డలి మొద్దుబారింది. ఇకమీద దీంతో కొత్తిమీర కూడా తెగదు.'

అబ్బ, ఏం పేలిందండీ ఆ మాట! ఫోన్ల నుంచి ఫోన్లకు పోయింది. గజేందర్ బజారుకు పోతే కూరగాయల బండి దగ్గర ఎవరో కొత్తిమీర కట్ట చూపించి నవ్వారట. ఆల్బమ్ ఎవరూ వినలేదు, సమీక్ష మాత్రం అందరికీ కంఠస్థం. ఏడాది తిరక్కుండా బ్యాండు చెదిరిపోయింది. లింగస్వామి స్కూలు బస్సు డ్రైవరయ్యాడు. సాయినాథ్ లెక్కలకే అంకితమయ్యాడు. గజేందర్ గిటారు అటక మీదికి ఎక్కించి, ఎల్బీనగర్‌లో దుకాణం పెట్టుకున్నాడు.

ఆ కర్ణపేయ ఎవరని అడగకండి. మంచివాడే. తర్వాత చెబుతాను.

ఇప్పుడు నా సంగతికి వస్తాను. మాది దిల్‌సుఖ్‌నగర్‌లో రెండో అంతస్తు. కుడివైపు కోచింగ్ సెంటరు మైకు. ఎడమవైపు పెళ్లిళ్ల హాలు. ఎదురుగా ఎప్పుడూ తవ్వుతూనే ఉండే రోడ్డు. మా ఆవిడ కృష్ణకుమారి, నేను పదేళ్లుగా సైగలతో కాపురం చేస్తున్నాం. దాంపత్యం అన్యోన్యంగా ఉండటానికి అదే కారణమని నా ఉద్దేశం. ఆమె ఉద్దేశం వేరు.

"ఇగ నాతోని కాదు. చప్పుడు రాని కిటికీలన్న పెట్టియ్యి, లేకుంటే నన్ను మీర్‌పేట్ల మా అక్క దగ్గరన్న దింపు," అంది ఒకరోజు. అంత పొడుగు వాక్యం ఆమె నోట విని చాలా కాలమైంది కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను.

ఎల్బీనగర్ దుకాణం నుంచి కొలతలు తీసుకోవడానికి మనిషి వచ్చాడు. యాభై దాటినవాడు. తెల్లబడ్డ జుట్టు, చెవి మీద పెన్సిల్, చేతిలో టేపు. మెల్లగా మాట్లాడతాడు. మాట్లాడుతూ కార్డు ఇచ్చాడు. కార్డు మీద పేరు చూశాను. గజేందర్!

అవునండీ. ఒకప్పుడు ట్యాంకు మూతలు ఎగరగొట్టిన మనిషి ఇప్పుడు చప్పుడు లోపలికి రాని కిటికీలు అమ్ముతున్నాడు.

నేను కార్డు జేబులో పెట్టుకుని మాట్లాడకుండా ఊరుకున్నాను. గండం గడిచేదే. కానీ చాయ్ తెచ్చిన కృష్ణకుమారి పలకరింపుల్లో పడింది. పూర్వం పాటలు పాడేవాడినని అతను చెప్పాడు.

"అవునా అన్నా! మా ఆయన గూడ పాటల మీద పేపర్ల రాసేటోడు."

"ఏ పేరుతోని సార్?" అన్నాడు గజేందర్ నా వైపు తిరిగి.

"చిన్న పేరే లెండి. మీకు తెలిసి ఉండదు."

కృష్ణకుమారి వంటింట్లోకి వెళ్తూ వెళ్తూ గర్వంగా అరిచింది. "కర్ణపేయ!"

టేపు గజేందర్ చేతిలోంచి జారి, సర్రున వెనక్కి చుట్టుకుంది.

తర్వాత చెబుతానన్నాను కదా. చెప్పేశాను.

అతను నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. టేపు మళ్లీ లాగి, "నాలుగడుగుల రెండించులు," అని కాగితం మీద రాసుకున్నాడు. వెళ్లిపోయాడు. అతని చేతి కిటికీ రేపు నా నెత్తిన పడుతుందని ఆ రెండ్రోజులూ నిద్రపోలేదు. మూడోరోజు అతనే వచ్చి బిగించాడు. ఎక్కడా వెంట్రుకవాసి సందు లేదు. పనిముట్లు సంచిలో వేసుకున్నాక చెప్పాడు.

"జర మూసి సూడుర్రి సార్."

మూశాను. కోచింగ్ సెంటరు పోయింది. పెళ్లి హాలు పోయింది. రోడ్డు పోయింది. మా ఇంట్లో గోడ గడియారం కొట్టుకుంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

"ఇగ ఇనబడ్తది సార్," అన్నాడు గజేందర్.

"ఏది?"

"ఏదన్న."

అంతే అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం పాత పెట్టెలన్నీ దింపి 'కిరాయి పోర్షన్' సీడీ వెతికాను. అట్ట మీద గేటు, టు-లెట్ బోర్డు. పత్రికల మిత్రులారా, ఇక్కడ మీతో ఒక వృత్తి రహస్యం పంచుకోవాలి. ఆ సమీక్ష నేను ఎలా రాశానో తెలుసా? దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో దగ్గర మా ఆఫీసు. కిటికీ కింద సిటీ బస్సుల హారన్లు. ఒక చేతిలో మిర్చి బజ్జీ, ఇంకో చెయ్యి కంప్యూటర్ మీద. అరచేతిలో పట్టే స్పీకర్లు. మొదటి పాట ఏమీ వినపడలేదు. రెండో పాట సగంలో బజ్జీ అయిపోయింది, పాట కూడా ఆపేశాను. కొత్తిమీర వాక్యం మాత్రం అప్పటికే తట్టింది. అంత మంచి వాక్యం తట్టాక మిగతా ఆరు పాటలు వినడం అనవసరం కదా!

ఈసారి పాత డీవీడీ ప్లేయరులో పెట్టి కూర్చున్నాను. కిటికీలు మూసి. ఎనిమిది పాటలు. నలభై ఒక్క నిమిషాలు.

బొంత కింద డ్రమ్ము ఎలా వినిపిస్తుందో మీకు తెలుసా? పక్కగదిలో ఎవరో అటూ ఇటూ నడుస్తున్నట్టు వినిపిస్తుంది. గజేందర్ గొంతు స్టేజీ మీది గొంతు కాదు, అరుగు మీద పక్కన కూర్చున్నవాడి గొంతు. మూడో పాట 'క్లీనర్ సీటు' చివర్లో కుక్కర్ విజిల్ వేసింది. కృష్ణకుమారి సోఫాలోంచి లేచి వంటింట్లోకి పరుగెత్తింది. స్టవ్ మీద కుక్కరే లేదు. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి అడిగింది.

"మా నాయన యాదికొచ్చిండు. ఎవల్ది గీ పాట?"

"కిటికీల ఆయనది," అన్నాను.

"గీ పాటనేనా నువ్వు కొత్తిమీర అన్నది?"

సైగల కాపురం ఎంత గొప్పదో నాకు అప్పుడు తెలిసొచ్చింది.

మర్నాడు ఎల్బీనగర్ వెళ్లాను. చౌరస్తా వంతెనల కింద చప్పుడు ఎంతుందో మీకు చెప్పక్కర్లేదు. గజేందర్ దుకాణం లోపల తలుపు వేస్తే చీమ నడిచినా వినిపించేటంత నిశ్శబ్దం. క్షమాపణకు దారిలో మూడు మంచి వాక్యాలు తయారుచేసుకున్నాను. తీరా నోటికొచ్చింది నాలుగోది.

"నిన్న మొత్తం విన్నాను," అన్నాను.

అతను గాజు తుడుస్తున్నాడు. తుడుస్తూనే అడిగాడు. "గప్పుడు ఎన్నో పాట కాడ ఆపిన్రు సార్?"

"రెండోది."

గజేందర్ గుడ్డ పక్కన పెట్టాడు. "మూడోది మా నాయనది," అన్నాడు.

నేను అలాగే నిలబడ్డాను. అతనే కుర్చీ జరిపాడు.

ఆల్బమ్ గురించి మళ్లీ రాస్తానని, ముగ్గురూ కలిసి ఒక్కసారి వాయిస్తే వింటానని చెప్పాను. పెద్ద హాలు మాట్లాడతానన్నాను. అతను నవ్వాడు.

"హాలు ఒద్దు సార్. వాయిస్తే గామె ఇంట్లనే వాయిస్తం. లేకుంటే లేదు."

ఆదివారం పొద్దున పదకొండు గంటలకు బడంగ్‌పేట్‌లో కలిశాం. ఒకప్పటి ఖాళీ ప్లాట్లన్నీ ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. మధ్యలో అండాలమ్మ ఇల్లు అలాగే ఉంది. కింది పోర్షన్ అదృష్టవశాత్తూ ఖాళీ. అండాలమ్మకు ఎనభై దగ్గర పడ్డాయి. ముగ్గుర్నీ వరసగా తడిమి చూసి, "ఎండిపోయిన్రు," అంది. పొట్ట తడిమించుకున్న లింగస్వామి మురిసిపోయాడు.

మామూలుగానే మొదలుపెట్టారు. డ్రమ్ముల మీద అదే బొంత, అంచులు చిరిగింది. ముచ్చట చెప్పినంత గొంతు. అండాలమ్మ ప్లాస్టిక్ కుర్చీలో ముందుకు వంగి కూర్చుంది. చెవి దగ్గర చెయ్యి పెట్టింది. రెండు చరణాలయ్యాక చెయ్యెత్తి ఆపింది.

"ఇనబడ్తలేదు బిడ్డా. జర సౌండ్ పెంచుర్రి."

లింగస్వామి బొంత తీసి, జాగ్రత్తగా మడిచి, ఆవిడ ఒళ్లో పెట్టాడు. తర్వాత కర్రలు అందుకున్నాడు.

అయ్యా, ఆ తర్వాత బడంగ్‌పేట్ అదిరింది! పద్నాలుగేళ్ల బాకీ ఆ గొంతులోంచి ఒక్కసారి బయటికి వచ్చింది. పావురాలు లేచాయి. ఎవరిదో కారు తనంతట తానే కూయడం మొదలుపెట్టింది. మరో ఐదు నిమిషాల్లో పక్క అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ గేటు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. అభిరామ్ అట. టీషర్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటండీ ఈ గోల? ఇళ్లనుకుంటున్నారా, ఏమనుకుంటున్నారు? అసలు ఎవరండీ ఈ ఇంటి ఓనరు?"

అండాలమ్మ బొంత చంకన పెట్టుకుని లేచింది. గేటు దాకా నడవడానికి కొంచెం సమయం పట్టింది.

"నేనే ఓనర్‌ను. నాకు ఇనబడాలె. మీ ఫంక్షన్లకు డీజేలు పెట్టినప్పుడు నేనొచ్చి అడిగిన్నా?"

"అది ఫంక్షనండీ!"

"గిది గూడ ఫంక్షనే. లోపటికి రా, కూసో. లేకుంటే కిటికీలు ఏసుకో. కిటికీలు గావాల్నంటే గా పాడే పిలగాడే అమ్ముతడు."

అభిరామ్ వెళ్లిపోయాడు. కానీ వెళ్తూ గజేందర్ కార్డు తీసుకున్నాడు. వ్యాపారం వ్యాపారమే.

హౌస్ ఓనర్ల వల్ల కళకు మేలని మొదట్లోనే చెప్పాను. నమ్మారు కదా? ఇక లేచి వెళ్లి ఆ మాటే రాసేద్దామనుకున్నాను. వ్యాసానికి మంచి ముగింపు దొరికింది. మొదటి వాక్యం కూడా తట్టేసింది. అప్పటికి రెండు పాటలయ్యాయి.

అండాలమ్మ నా కుర్చీ ముందు ఆగింది.

"గా పేపర్ల రాసినాయనవు నువ్వేనటగదా. గప్పుడు నాకు సదివి ఇనిపిచ్చిన్రు. నేను పైన కూసొని నాలుగు నెలలు ఇన్న బిడ్డా. ఒక్క పాట ఇడ్వలేదు. నువ్వెన్ని ఇన్నవు?"

గజేందర్ గిటారు శృతి చేసుకుంటున్నవాడు చెయ్యి ఆపాడు. నాకు సాయం చేయడానికి సాయినాథ్ గడియారం కూడా చూడలేదు.

"ఒకటిన్నర," అన్నాను.

పాఠకులారా, పదిమంది బతుకు మీద తీర్పు చెప్పే ఉద్యోగంలో ఉన్నా, ఇలాంటి ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఎడిటర్ అడగలేదు. మీరూ అడగలేదు. ఊళ్లో చప్పుడు ఎక్కువైందని మేమంతా రాస్తూనే ఉన్నాం. ఆ చప్పుట్లో నా రెండు వాక్యాలు ఎన్ని డీజేల పెట్టో ఎవరూ కొలవలేదు.

"కూసో మరి," అంది అండాలమ్మ. "అన్నీ అయ్యేదాక లేసుడు లేదు."

కూర్చున్నాను. మూడో పాట మొదలైంది. నా జేబులో ఫోను మోగింది. ఎడిటర్. వ్యాసం ఎంతవరకు వచ్చిందని అడగడానికి అయి ఉంటుంది.

అండాలమ్మ చెయ్యి చాచింది.

ఫోను ఆమె చేతిలో పెట్టాను.